టేపు తిప్పినవాడి మాట ఎంతవరకు నమ్మాలి?

బీటిల్స్ పాటలు రికార్డు చేసిన ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఆత్మకథ నేను చదివేసి మా బావమరిదికి ఇచ్చాను. వాడు గిటార్ వాయిస్తాడు, పైగా బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ భక్తుడు. వారం తిరక్కుండానే తెచ్చి బల్ల మీద పడేసి, "ఇది ఆత్మకథ కాదు బావా, చాడీల చిట్టా" అన్నాడు. సగం పుస్తకం దాకా నా అభిప్రాయం కూడా దానికి పెద్ద దూరంలో లేదు. కానీ వాడు అంత తేలిగ్గా కొట్టిపారేసేసరికి ఎమెరిక్ తరఫున వకాల్తా పుచ్చుకోవాలనిపించింది. అప్పటినుంచి విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర టీకి ఆగినప్పుడల్లా ఇదే వాదన. పక్కన నిలబడి టీ తాగేవాళ్లు మేమేదో ఆస్తి తగాదా తేల్చుకుంటున్నామనుకుంటారు.

పుస్తకం పేరు 'హియర్, దేర్ అండ్ ఎవ్రీవేర్'. హోవర్డ్ మాసీ అనే సంగీత పాత్రికేయుడి సాయంతో రాసింది, 2006లో వచ్చింది. బీటిల్స్ సంగతి మీకు చెప్పక్కర్లేదు: జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్, ఈ నలుగురి ఇంగ్లిష్ పాటల బృందం. ఎమెరిక్ సంగతి మాత్రం క్లుప్తంగా. 1962లో, ఇంకా పదిహేడు నిండకుండానే, లండన్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో అసిస్టెంటుగా చేరాడు. 1966 ఏప్రిల్‌లో, ఇరవయ్యేళ్ల వయసులో, బీటిల్స్ రికార్డింగులకు ఇంజనీరు కుర్చీలో కూర్చున్నాడు. 'రివాల్వర్', 'సార్జంట్ పెప్పర్', 'అబే రోడ్' ఆల్బమ్‌లు ఆయన చేతుల మీదుగా వెళ్లినవే. చివరి రెండింటికీ గ్రామీ అవార్డులు వచ్చాయి. మధ్యలో 1968 జూలైలో, 'వైట్ ఆల్బమ్' పని నడుస్తుండగా, ఆ గొడవలు భరించలేనని లేచి వెళ్లిపోయాడు. ఆ మరుసటి ఏడాది తిరిగొచ్చాడు. 2018లో పోయాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పుస్తకాన్ని ఇద్దరు మనుషులు రాసినట్టు చదువుకోవాలి. మాసీని కలిపి అనడం లేదు, ఎమెరిక్‌లోనే ఇద్దరున్నారు. ఒకడు శబ్దం గురించి చెప్పేవాడు, ఇంకొకడు మనుషుల గురించి చెప్పేవాడు. మొదటివాడి మాట నేను చాలావరకు తీసుకుంటాను. రెండోవాడి మాట కొట్టెయ్యను గానీ, ఆయన ఏ కుర్చీలోంచి చూసి ఆ మాట అంటున్నాడో చూసుకుంటాను. ఈ పుస్తకం గురించి ఎవరిని కదిపినా "పక్షపాతం" అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. పక్షపాతం ఉంది, సరే. అది ఎక్కడ పుట్టిందన్నది అంతకంటే ఆసక్తికరమైన సంగతి.

చెవి చెప్పిన సంగతులు

కుర్రతనంలో పండగ రోజుల్లో నేను మా వీధిలో ఒక మైకుసెట్టు మావయ్య దగ్గర వైర్లు లాగేవాణ్ని. అందుకని ఇలాంటి పేజీలు నాకు కొంచెం ఎక్కువ రుచిస్తాయేమో, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ఎమెరిక్ ఇంజనీరు కుర్చీలో కూర్చున్న మొదటి పాటే 'టుమారో నెవర్ నోస్'. కొండ శిఖరం మీంచి దలైలామా మంత్రాలు చదువుతున్నట్టు తన గొంతు వినపడాలన్నాడు లెనన్. అడగడానికేం, అడుగుతాడు. చెయ్యాల్సింది ఇరవయ్యేళ్ల కుర్రాడు. చివరికి హమ్మండ్ ఆర్గాన్‌కి వాడే లెస్లీ అనే పెట్టె ఉంటుంది, లోపల స్పీకరు గిర్రున తిరుగుతుంది, దాన్లోంచి లెనన్ గొంతు పంపారు. రింగో బాస్ డ్రమ్ములో ఉన్ని స్వెట్టరు కుక్కి, మైకు దాని దగ్గరికి జరిపారు. గాలి దెబ్బకి ఖరీదైన మైకు పాడవుతుందని దూరంగా పెట్టాలన్నది కంపెనీ రూలు. దాన్ని దాటినందుకు పైవాళ్లు పట్టుకుంటే, బీటిల్స్ సెషన్లకు మాత్రమే చెల్లుతుందని ఒక అనుమతి కాగితం రాయించుకోవలసి వచ్చిందట. ఇది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. డోలక్కు మైకు జానెడు దగ్గరికి జరిపినందుకు మా మావయ్య కూడా నన్ను ఇలాగే కోప్పడేవాడు: "ఒరే, ఆ దెబ్బకి లోపల రేకు సిరిగిపోద్ది! నీ బాబు కొంటాడేట్రా?" మైకు కొన్నవాడి బాధ లండన్‌లో అయినా ఇక్కడైనా ఒక్కటే.

'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' సంగతి చాలామందికి తెలిసిందే. రెండు టేకులు, రెండిటికీ శ్రుతి వేరు, నడక వేరు. దీని మొదటి భాగం, దాని చివరి భాగం కావాలన్నాడు లెనన్. ఒకదాని వేగం కాస్త పెంచి, ఇంకోదాని వేగం తగ్గించి, టేపు కోసి అతికించారు. పాట మొదలైన నిమిషానికి ఆ అతుకు వస్తుంది. తెలిశాక వింటే పట్టుకోవచ్చు, తెలియకపోతే లేదు. 'ఎ డే ఇన్ ది లైఫ్' చివర పియానోల మీద ఒక్కసారిగా మోగించి వదిలేసిన ఆ స్వరం నలభై సెకన్లకు పైగా సాగుతుంది. అది తగ్గిపోతున్నకొద్దీ ఇంజనీరు శబ్దం పెంచే మీటలు, ఫేడర్లు, మెల్లమెల్లగా పైకి తోస్తూ పోయాడు. ఆఖర్న స్టూడియోలో కుర్చీ కిర్రుమన్నది కూడా టేపు మీదికి ఎక్కేసింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి, ఇప్పటికీ ఉంది.

ఈ పేజీలను నేను నమ్మడానికి కారణం ఎమెరిక్ నిజాయితీ మీద గౌరవం కాదు. రుజువు నా ఫోన్‌లోనే ఉంది. ఆయన చెప్పింది పాటలో వినిపిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మనుషుల గురించి చెప్పిన వాటికి అలాంటి తూనికరాయి లేదు.

శబ్దం విషయంలోనూ ఒక్క చోట జాగ్రత్తపడాలి. ఎవరు చేశారు అన్నచోట. గొంతును తనంతట తానే రెండింతలుగా వినిపించేలా చేసే ఏ.డి.టి. పద్ధతి కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు బుర్రలోంచి వచ్చింది. తెల్లకోట్లు వేసుకుని తిరిగే టెక్నీషియన్లు, టేపులు పెట్టే కుర్రాళ్లు, అందరికీ పైన ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, అదంతా కలిస్తే ఒక పాట. ఆత్మకథలో 'మేము' అన్నది 'నేను' కావడానికి ఎంతో సేపు పట్టదు. మార్టిన్ పట్ల ఈ పుస్తకం చూపించిన ముభావం నాకు నచ్చలేదు. ఇరవయ్యేళ్లవాణ్ని నమ్మి ఆ కుర్చీ ఇచ్చినవాడు ఆయనే కదా.

తప్పులన్నీ విన్నవాడు

ఇక మా బావమరిదికి రక్తపోటు తెప్పించిన విషయం. పుస్తకం పొడుగునా హారిసన్ తడబడుతూ ఉంటాడు. వేళ్లు అందవు, సోలో కుదరదు, గంటలు గడిచిపోతాయి, మిగతావాళ్లు విసుక్కుంటారు. 'ట్యాక్స్‌మన్' హారిసన్ రాసిన పాటే అయినా అందులో గిటార్ సోలో మెకార్ట్‌నీ వాయించాడు. ఇది ఎవరూ కాదనని సంగతి, హారిసన్ కూడా దాచలేదు. కానీ ఎమెరిక్ దీన్ని చెప్పే తీరులో 'చూశారా, నేను అనలేదూ' అన్న ధ్వని ఉంది.

దీని మీద నాకు చాలా రోజులు తోచింది ఒకటే. రికార్డింగ్ ఇంజనీరు ఉద్యోగం అంటేనే తప్పుల్ని వినడం. బయట ప్రపంచం అంతా విన్నది చివరి టేకు ఒక్కటే. ఆయన మాత్రం మొదటి టేకు నుంచి అన్నీ విన్నాడు, విని టేపు వెనక్కి తిప్పాడు, మళ్లీ విన్నాడు. ఎవడి భాగానికి ఎక్కువ టేకులు పడితే వాడి తప్పులే ఆయన చెవిలో ఎక్కువ నిలుస్తాయి. ఇది కుట్ర కాదు, ఆ కుర్చీ స్వభావం అంతే. వంటింట్లో కూర్చున్నవాడికి విందు ఎప్పుడూ మాడువాసనతోనే గుర్తుంటుంది.

ఈ మాటే మా వాడితో అన్నాను. వాడు ఒప్పుకుంటాడనుకున్నాను. ఒప్పుకోలేదు సరికదా, ఇంకో మాట అన్నాడు.

"బావా, నువ్వు కూడా 'తప్పులు' అనే అంటున్నావు చూడు. కొందరు ఇంట్లో సోలో కట్టుకుని వచ్చి స్టూడియోలో వాయించేస్తారు. కొందరు స్టూడియోలోనే వెతుక్కుంటారు. వెతుక్కునేవాడు పది చోట్ల చెయ్యిపెడతాడు. కంట్రోలు రూము అద్దం వెనక కూర్చున్నోడికి అది రాకపోవడంలా వినపడతాది."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ దొరకలేదు. 1995, 96 సంవత్సరాల్లో 'యాంథాలజీ' పేరుతో పక్కన పెట్టేసిన టేకులు బయటికి వచ్చాయి కాబట్టి ఇప్పుడు మనమూ వినొచ్చు. అందులో అందరూ తడబడతారు. లెనన్ మాటలు మర్చిపోతాడు, నవ్వేస్తాడు. లెనన్ తడబడితే సరదా, హారిసన్ తడబడితే చేతకానితనం అన్న తేడా ఆ టేపుల్లో లేదు. అది వినేవాడి దగ్గర ఉంది.

అలాగని ఎమెరిక్ కళ్లు పూర్తిగా మూసుకున్నాడని కూడా అనలేను. 'సమ్‌థింగ్' పాటకు ట్రాకులు ఖాళీ లేక, తీగవాద్యాల ఆర్కెస్ట్రాను రికార్డు చేస్తున్నప్పుడే హారిసన్ పక్కన నిలబడి తన సోలో మళ్లీ మొత్తం వాయించాడు. ఒక్క స్వరం పోయినా ఆర్కెస్ట్రా అంతా మళ్లీ మొదలుపెట్టాలి. దాన్ని ఎమెరిక్ మెచ్చుకుంటూనే రాశాడు. 1969 నాటికి హారిసన్ ఎంత ఎదిగాడో ఒప్పుకున్నాడు. మా బావమరిది ఆ పేజీల దాకా చదివాడని నాకు నమ్మకం లేదు.

ఎవరు పలకరిస్తే వాళ్లు

పక్షపాతానికి రెండో కారణం ఇంకా మామూలుది. 'పెప్పర్' రోజుల్లో అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక మెకార్ట్‌నీ ఆగిపోయి తన బాస్ గిటార్ భాగాలు రికార్డు చేసుకునేవాడు. అద్దానికి అటు ఆయన, ఇటు ఎమెరిక్, ఇంకో అసిస్టెంటు. తెల్లవారుజాము దాకా ఇద్దరూ ఒక శబ్దం కోసం కుస్తీ పడితే స్నేహం పుట్టదూ? తర్వాత కూడా ఆ బంధం సాగింది. 'బ్యాండ్ ఆన్ ది రన్' రికార్డింగుకి మెకార్ట్‌నీ ఆఫ్రికాలో లాగోస్ వెళ్తే ఎమెరిక్ కూడా వెళ్లాడు. దానికీ గ్రామీ వచ్చింది. రింగోతో మాత్రం గుర్తుండిపోయేలా ఒక్క సంభాషణ కూడా జరిగిన జ్ఞాపకం లేదంటాడు. అన్నేళ్లు అతని డ్రమ్ముల ముందు మోకాళ్ల మీద కూర్చుని మైకులు సర్దినవాడు!

మా మైకుసెట్టు మావయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. పైడితల్లమ్మ పండగకి వీధుల్లో స్టేజీలు వేస్తారు కదా, ఆర్కెస్ట్రాలు వచ్చేవి. ఒకసారి ఒకే స్టేజీ మీద ఇద్దరు గాయకులు. ఒకాయన పాట అయ్యాక కిందికి దిగి, మైకు మావయ్య చేతికే ఇచ్చి, టీ తాగారా అని అడిగి వెళ్లాడు. రెండో ఆయన పాట మధ్యలో ఆపి, "ఏంటయ్యా ఈ సౌండు, ఎకో పెంచమని ఎన్నిసార్లు చెప్పాలి" అని జనం ముందు మైకులోనే అనేశాడు. నాకు ఇద్దరూ బాగానే పాడినట్టు అనిపించింది. రెండో ఆయన ఇంకాస్త బాగా పాడాడేమో కూడా. సామాను సర్దుతుంటే మావయ్య తీర్పు చెప్పాడు: "ఆ ముందు బాబుది పాటంటే. ఈడికి తాళవే రాదురా."

అదే మావయ్య అదే రాత్రి ఇంకో మాట అన్నాడు. మొదటాయన కింది స్వరాలకి మైకు నోటికి ఆనించేస్తాడనీ, పైకి వెళ్లేటప్పుడు దూరం జరపడనీ, అందుకే పైస్థాయిలో బాక్సులు కూశాయనీ. రెండో ఆయన చెయ్యి మాత్రం మైకు మీద భలే కుదురనీ. అంటే తన తీర్పుకి తనే ఎదురు సాక్ష్యం ఇచ్చేశాడు, ఇచ్చినట్టు ఆయనకు తెలియదు. ఎమెరిక్ పుస్తకం నిండా ఇలాంటివే. మనిషి మీద కోపం ఒక పేజీలో, ఆ మనిషి వాద్యం ఎంత బాగా పలికిందో ఇంకో పేజీలో.

దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ 'విదిన్ యూ వితౌట్ యూ'. 1967లో హారిసన్ చేసిన పాట, మిగతా ముగ్గురు బీటిల్స్ ఇందులో వాయించలేదు. దిల్‌రుబాలు, తంబురా, తబలా, మన దేశపు వాద్యగాళ్లు. వాటి శబ్దం పట్టింది ఎమెరిక్. ఆ తబలా ఎడమచేతి గుమికి ఎంత దగ్గరగా ఉందో వినండి. నచ్చని మనిషి పాటకి అంత శ్రద్ధ పెట్టాడంటే, అరవై ఏళ్లకి రాసుకున్న మాటల కంటే ఇరవై ఒక్క ఏళ్లకి చేసిన పనిని నేను ఎక్కువ నమ్ముతాను.

అలాగే బిస్కెట్టు గొడవ. 'అబే రోడ్' రోజుల్లో హారిసన్ తన బిస్కెట్ల పొట్లం లెస్లీ పెట్టె మీద పెట్టుకున్నాడు. లెనన్ భార్య యోకో ఓనో వెళ్లి అందులోంచి ఒకటి తీసింది. పై గదిలోంచి చూస్తున్న హారిసన్ బూతు మాట వాడుతూ అరిచాడు. అది విని లెనన్‌కీ కోపం వచ్చింది. చాలామంది దీన్ని చవకబారు పేజీ అంటారు. నాకైతే పుస్తకంలో మనుషుల గురించి రాసిన వాటిలో బాగున్నది ఇదే. ఎందుకంటే ఇక్కడ ఎమెరిక్ ఎవరి మనసులోకీ దూరలేదు. తన కిటికీలోంచి కనబడింది చెప్పి ఊరుకున్నాడు. ఒక గొప్ప బృందం విడిపోవడానికి కారణాలు పెద్ద పెద్ద మాటల్లో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఉమ్మడి కుటుంబాల్లో వేరుపడడం చూసినవాళ్లెవరికైనా బిస్కెట్టు చాలు.

నానున్నానక్కడ

అసలు పెద్ద అభ్యంతరం జ్ఞాపకం గురించి. 'వైట్ ఆల్బమ్'లో ఎమెరిక్ వదిలేసిన కుర్చీలో కూర్చున్న కెన్ స్కాట్ ఈ పుస్తకాన్ని బహిరంగంగానే తప్పుపట్టాడు. రాయడం మొదలుపెట్టే ముందు ఎమెరిక్ తననీ, పాత సహోద్యోగుల్నీ సంప్రదించి, తనకు పెద్దగా గుర్తులేదని, గుర్తున్నవి చెప్పమని అడిగాడన్నది ఆయన ఫిర్యాదు. అది నిజమైతే పేజీలకు పేజీలు కొటేషన్లలో ఉన్న ఆ సంభాషణలన్నీ ఎక్కడివి? నలభై ఏళ్ల తర్వాత ఎవరు ఏ మాట ఏ గొంతుతో అన్నారో అలా గుర్తుంటుందా? మాసీ చెయ్యి చాలానే పడి ఉంటుందని నా అనుమానం.

ఈ విషయంలో మా ఊరు వాళ్లకి ప్రత్యేకమైన అనుభవం ఉంది. ఘంటసాల ఇక్కడ సంగీత కళాశాలలో చదువుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకుంటూ, మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్న సంగతి అందరికీ తెలుసు. నా చిన్నప్పటినుంచి "మా తాతమ్మే ఆయనకి రోజూ అన్నం పెట్టేది" అన్న ఇళ్లు ఎన్ని చూశానో! అవన్నీ నిజమైతే ఘంటసాల మద్రాసు రైలు ఎక్కేసరికి నడవలేనంత లావైపోయి ఉండాలి. ఎవరూ అబద్ధం చెప్పాలని చెప్పరు. ఒక మనిషి పేరు పెద్దదవుతున్నకొద్దీ మన జ్ఞాపకం మనల్ని ఆయన పక్కకి జరుపుతూ పోతుంది.

అందుకని ఎమెరిక్ పుస్తకాన్ని నేను ఒంటరిగా చదవలేదు. మార్క్ లూయిసన్ 1988లో వేసిన రికార్డింగ్ సెషన్ల పుస్తకం స్టూడియో కాగితాలు, టేపులు ముందు పెట్టుకుని రాసింది. ఏ రోజు ఏ పాట, ఎన్నో టేకు అన్న విషయాలకి అదే ఆధారం. కానీ ఆ పుస్తకం చదివితే ఆ గదిలో చలి వేసిందో ఉక్కపోసిందో తెలియదు. ఎమెరిక్ దగ్గర తెలుస్తుంది. తారీకులకి లూయిసన్, ఉక్కపోతకి ఎమెరిక్, అలా పంచుకున్నాను.

నాకు నిజంగా మింగుడుపడనిది ఇంకోటి ఉంది. హారిసన్ 2001లో పోయాడు, పుస్తకం వచ్చింది 2006లో. లెనన్ అంతకు చాలా ముందే, 1980లో. ఎక్కువ మాటలు పడ్డవాళ్లకి జవాబు చెప్పే వీలు లేదు, ఎక్కువ పొగడ్తలు అందుకున్నాయన బతికే ఉన్నాడు. ఇది కావాలని చేశాడని అనను. పైగా మెకార్ట్‌నీని కూడా పూర్తిగా వదల్లేదు. 'ఒబ్‌లాడి' రికార్డింగులో జార్జ్ మార్టిన్ ఏదో సూచన చేస్తే, అంత బాగా పాడగలిగితే నువ్వే దిగి వచ్చి పాడు అన్నట్టు మెకార్ట్‌నీ విసురుగా జవాబిచ్చిన సంగతి రాశాడు. తను ఉద్యోగం వదిలి వెళ్లడానికి ముందు చూసిన దృశ్యాల్లో అదొకటి. అయినా పోయినవాళ్ల మీద తీర్పు రాసేటప్పుడు కలం ఇంకాస్త బరువుగా కదలాలి.

మద్రాసు అద్దాల వెనక

ఇంతకీ లండన్ గొడవ నాకెందుకంటే, మన పాటలకి ఇలాంటి పుస్తకం నా కంటపడలేదు కాబట్టి. సాలూరి రాజేశ్వరరావుది సాలూరు దగ్గర శివరామపురం. సుశీల గారు పుట్టింది విజయనగరంలో. ఘంటసాల చదువు ఇక్కడే. వాళ్ల పాటలు మద్రాసులో ఏ అద్దం వెనక, ఎవరి చేతుల మీదుగా వెళ్లాయి? ఆ రోజుల్లో గాయకులు, వాద్యబృందం అంతా ఒకేసారి కూర్చుని చెయ్యాలి. చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పినా పల్లవి నుంచి మళ్లీ మొదలు. గాయకుణ్ని ఎక్కడ నిలబెట్టాలి, వేణువు ఎంత దూరం, తబలాకి ఎంత అడ్డుగోడ అన్నవి తేల్చినవాళ్లు ఉన్నారు. సినిమా టైటిల్స్‌లో 'శబ్దగ్రహణం' అని ఒక పేరు కనబడి, మనం కుర్చీలో సర్దుకునేలోపు మాయమవుతుంది. గాయకుల జ్ఞాపకాలున్నాయి, దర్శకులవీ నిర్మాతలవీ ఉన్నాయి. అద్దం వెనక నుంచి చెప్పిన మాట లేదు.

ఈ సంగతి ఎత్తితే బావమరిది ఊరుకుంటాడా? "వచ్చిందే అనుకో బావా. ఘంటసాలకి ఫలానా పాటలో ఇరవై టేకులు పట్టాయి, మేమందరం విసిగిపోయాం అని రాసేడనుకో. నువ్వు ఊరుకుంటావేటి?"

ఊరుకోను. ఇక్కడే కూర్చుని దీనికి రెట్టింపు పొడుగున తిట్టిపోస్తాను. ఆ తర్వాత ఆయన గొంతుకి మైకు ఎంత దూరంలో పెట్టేవారో రాసిన పేజీ ఉందేమో అని వెతుకుతాను.